మాంత్రికుడి మాయ, ఆపరేటరు అతుకు

గోళ్ళరంగు తుడిచే మందు సీసా మూత తీస్తే గుప్పున ఒక వాసన వస్తుంది. అది ఎసిటోన్. సినిమా క్యాబిన్‌లో మెలిగినవాళ్ళకి మాత్రం అది ఫిల్మ్ సిమెంటు వాసన. తెగిన రీలుని అతికించే ఆ జిగురులో కూడా ఎసిటోనే ఉండేది. ఈమధ్య ఇంట్లో ఆ వాసన తగిలిన రోజు రాత్రే ‘పాతాళ భైరవి’ పెట్టుకుని కూర్చున్నాను. మూడు గంటల పదిహేను నిమిషాల సినిమా. ఎక్కడా తెగకుండా, వెలుతురు పసుపెక్కకుండా, మాంత్రికుడి గొంతు సాగకుండా మొదటి నుంచి చివరి దాకా చూడటం అదే మొదలు.

నేల మీద కూర్చుని చూసిన పాతాళ భైరవి వేరు. క్యాబిన్ కన్నంలోంచి చూసింది వేరు. ఇప్పుడు చూసింది ఇంకొకటి. ఆ మూడింటికీ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో రాసిపెట్టాలనిపించింది. ఎందుకంటే ఆ తేడాలో సగం మన వయసుది కాదు. కార్బన్ కడ్డీలది, ఆయిల్ ఇంజనుది, అతుకులది.

పాకలోకి వచ్చిన ఉజ్జయిని

సినిమా విడుదలైంది 1951 మార్చి 15న. విజయా వారి చిత్రం. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, కె.వి.రెడ్డి దర్శకుడు, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, కెమెరా మార్కస్ బార్‌ట్లే. మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియోలో తీశారు. అదే ఏడాది తమిళంలోనూ వచ్చింది. 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళింది. రెండు వందల రోజులు ఆడిన తొలి తెలుగు సినిమాగా పేరు తెచ్చుకుంది.

మా తరం నేల మీద కూర్చునేసరికి అది బాగా పాత సినిమా. కానీ ఊరూరా పాక వేసుకుని తిరిగే టూరింగ్ టాకీసుకి పాత సినిమా అనేది లేదు. కొత్త ప్రింటు పట్నంలో ఆడి, చిన్న ఊళ్ళు తిరిగి, ఆఖర్న పల్లెకి రావాలి. ఆ లోపు పాక నడవాలి కదా. అద్దె తక్కువ, జనం తప్పకుండా వస్తారు, పిల్లలు రెండుసార్లు వస్తారు. కోతలై చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళకి విజయవాడ గాంధీనగర్ నుంచి పెట్టె దిగేది. సినిమా వచ్చిందా అని ఎవరూ అడిగేవారు కాదు, ‘పెట్టె వచ్చిందా’ అనే అడిగేవారు. రేకు పెట్టెలో గుండ్రటి డబ్బాలు, డబ్బాకి ఒక రీలు. రీలు అంటే వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాల బొమ్మ. పాతాళ భైరవి నిడివికి పద్దెనిమిది రీళ్ళ దాకా కావాలి, కాబట్టి ఆ పెట్టె ఎత్తడానికి ఇద్దరు మనుషులు ఉండాల్సిందే.

పాక అంటే నాలుగు వైపులా తడికలు, పైన తాటాకు, కొన్నిచోట్ల రేకులు. ఆటకి ముందు నేలంతా నీళ్ళు చల్లేవారు. దుమ్ము లేస్తే వెలుగు దారిలో పొగలా నిలబడిపోతుంది, లెన్సు మీద పేరుకుంటుంది. మగవాళ్ళ నేలకీ ఆడవాళ్ళ నేలకీ మధ్య మొలెత్తు గోడ. వెనక బెంచీలు, ఇంకా వెనక కుర్చీలు, వాటి వెనక రేకులు కప్పిన క్యాబిన్. తెర గుడ్డది. చుట్టూ నల్ల అంచు కుట్టేవారు, బొమ్మ అంచులు నల్లగుడ్డ మీద పడి కనబడకుండా పోతాయని. స్పీకరు తెర వెనకే ఉండేది. గాలి గట్టిగా వీస్తే తెర కదిలి రాజుగారి కోట కూడా ఊగేది, అందుకని కింది అంచుకి తాళ్ళు కట్టి మేకులకు బిగించేవారు.

పొద్దుగూకే వేళకి మైకులో రికార్డులు మొదలు. చివర్లో ఘంటసాల ‘నమో వెంకటేశా’ పడిందంటే ఇక బొమ్మ వేస్తున్నారని ఊరంతటికీ తెలుసు. పొలం గట్టు మీద ఉన్నవాడు కూడా అడుగు వేగం పెంచేవాడు. లోపల ముందు ‘పొగ త్రాగరాదు’ గాజు స్లైడు, తర్వాత ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్ రీలు. అది వేయకపోతే లైసెన్సుకి ముప్పు. ఎక్కడి ఆనకట్టో, ఎవరి ప్రారంభోత్సవమో చూపించాక గానీ కథ జరిగే ఉజ్జయిని వచ్చేది కాదు.

క్యాబిన్‌లో

పట్నం హాళ్ళలో రెండు ప్రొజెక్టర్లు. ఒకదాని మీద రీలు అయిపోయేలోపు రెండోది అందుకుంటుంది. పాకలో ఒక్కటే. రెండు రీళ్ళు కలిపి ఒక స్పూలు చేస్తే ఇరవై రెండు నిమిషాలు, అది అవగానే లైట్లు వేసి, ఖాళీ స్పూలు తీసి, తర్వాతది ఎక్కించాలి. పాతాళ భైరవికి తొమ్మిది స్పూళ్ళు. అంటే ఎనిమిదిసార్లు ఆగాలి. వాటిలో రెండింటినో మూడింటినో సాగదీసి ఇంటర్వెల్ అని పేరు పెట్టేవారు, గోళీసోడాలూ వేరుశనక్కాయలూ అమ్ముడుపోవాలి కాబట్టి.

ఫిల్ము ఎక్కించడానికి ఒక వరస ఉంది. పై స్పూలు పెట్టెలోంచి కిందికి లాగి పళ్ళచక్రం మీద కూర్చోబెట్టాలి. అక్కడినుంచి, ఫిల్ము మీద వెలుగు పడే గేటులోకి పోయేముందు ఒక వదులు మెలిక వదలాలి. గేటు కింద జెర్కు చక్రం, దాని కింద మళ్ళీ ఒక మెలిక, తర్వాత సౌండు డ్రమ్ము, ఇంకో పళ్ళచక్రం, కింది స్పూలు. ఈ రెండు మెలికలే ప్రాణం. పైనా కిందా చక్రాలు ఆగకుండా తిరుగుతుంటాయి, మధ్యలో ఫిల్ము మాత్రం సెకనుకి ఇరవై నాలుగుసార్లు ఆగి కదులుతుంది. ఆ ఆగడానికీ, ఆగకపోవడానికీ మధ్య వదులు లేకపోతే ఫిల్ము రంధ్రాలు చిరుగుతాయి. చిరిగిన రంధ్రం దగ్గర కింది మెలిక పోతే బొమ్మ పైకీ కిందికీ దడదడలాడుతుంది. నేల మీంచి ఈలలు లేచేది అప్పుడే.

కింది మెలికతో ఇంకో ముఖ్యమైన పని ఉంది. 35 ఎం.ఎం. ఫిల్ములో మాట బొమ్మ పక్కనే ఉండదు, ఇరవై ఫ్రేములు ముందు ఉంటుంది. బొమ్మ గేటులో ఉన్నప్పుడు దాని మాట పదిహేను అంగుళాల కింద సౌండు డ్రమ్ము మీద ఉండాలి. మెలిక ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు. అయిదారు ఫ్రేములు పెరిగితే మాట ఒకచోట, పెదవి ఒకచోట. మాంత్రికుడిగా వేసిన ఎస్.వి.రంగారావు లాంటి నటుడికి ఇది చాలా అన్యాయం చేస్తుంది. ఆయన మాటని కనుబొమ్మతోనూ, మెడ తిప్పడంతోనూ కలిపి వదులుతాడు. సెకనులో పావు వంతు తప్పినా ఆ విరుపు ఎక్కడిదక్కడ చెదిరిపోతుంది.

వెలుగు సంగతి చెప్పకుండా పాత సినిమా గురించి చెప్పడం కుదరదు. రెండు కార్బన్ కడ్డీలు, పాజిటివ్ లావు, నెగెటివ్ సన్నం. ఒకసారి మొనలు తాకించి వెనక్కి లాగితే మధ్యన నిప్పు నిలబడుతుంది, దాన్నే ఆర్కు అంటారు. ముప్పై నలభై ఆంపియర్ల కరెంటు. మొనల మధ్య ఎడం పావు అంగుళం అటూ ఇటూ ఉండాలి. కడ్డీలు కాలుతూ అరుగుతుంటాయి కాబట్టి ఆ ఎడం పెరుగుతూ పోతుంది, మరను కొంచెం కొంచెం తిప్పుతూ దగ్గరికి తేవాలి. ఎడం ఎక్కువైతే వెలుగు నీలం తిరిగి రెపరెపలాడి ఆరిపోతుంది. తక్కువైతే పసుపెక్కి బుసకొడుతుంది. వెనకనున్న అద్దం ఫోకసు నుంచి మొన జరిగితే తెర మీద ఒక మూల గోధుమరంగు పడుతుంది. ఆపరేటరు బీడీ కోసం బయటికి వెళ్ళాడో లేదో నేలవాళ్ళకి తెర చూస్తే తెలిసిపోయేది.

కాలిపోగా మిగిలిన మొండి కడ్డీలకి పిల్లల్లో గిరాకీ ఉండేది. పైన రాగిపూత, లోపల నల్లటి కర్ర. అరుగుల మీద గీతలు గీసుకోవడానికి సుద్దముక్క కంటే గట్టిది.

ఇంజను సంగతి వేరే. కరెంటు లేని ఊళ్ళలో ఆయిల్ ఇంజనూ డైనమో. డీజిల్లో నీళ్ళు కలిసినా, గొట్టంలో మురికి అడ్డం పడినా ఇంజను గొంతు తగ్గుతుంది. దాంతోపాటు ప్రొజెక్టరు మోటారు వేగమూ తగ్గుతుంది, తెర వెనక ఘంటసాల గొంతు మెల్లగా బావిలోకి దిగుతున్నట్టు సాగిపోతుంది. ‘కలవరమాయే మదిలో’ పాటలో లీల గొంతు మగగొంతు కాబోయి మళ్ళీ పైకి లేవడం మా తరం చాలా ఊళ్ళలో విన్నది. ఆ పాట సరైన శ్రుతిలో ఎలా ఉంటుందో రేడియో చెప్పేదాకా తెలియని పిల్లలుండేవారు.

అతుకులు

ప్రింటు ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకుంటే మనం చిన్నప్పుడు ఏమేం చూడలేదో తెలుస్తుంది. రీలు మొదలూ, చివరా. ప్రతి ఆటకీ చెయ్యి పడేది అక్కడే. లాగేదీ, మడిచేదీ, నేలకి తగిలించేదీ ఆ నాలుగడుగులే. చిరిగినచోట కత్తిరించి అతికిస్తారు, ఇంకో ఊళ్ళో మళ్ళీ అక్కడే చిరుగుతుంది. అలా ఒక్కో రీలు రెండు కొసలా తరిగిపోతూ వస్తుంది. కాబట్టి ఏళ్ళ తరబడి తిరిగిన ప్రింటులో ప్రతి పదకొండు నిమిషాలకీ కథ చిన్న గెంతు వేస్తుంది. ఒక అడుగు పోతే పదహారు ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతులు. పది అడుగులు పోతే ఒక మాటా, దాని జవాబూ పోతాయి.

అతకడం కూడా ఒక విద్య. తెగిన కొసల్ని ఫ్రేము గీత దగ్గర తిన్నగా కోయాలి. ఒక కొస మీద రెండు మిల్లీమీటర్ల మేర బొమ్మ ఉండే ఎమల్షన్ పొరని బ్లేడుతో గీకాలి. పొర మిగిలితే జిగురు పట్టదు, మరీ లోతుగా గీకితే అక్కడే విరుగుతుంది. రంధ్రాలకి రంధ్రాలు కలిపి, కుంచెతో ఒక్క గీత సిమెంటు రాసి, పది పదిహేను సెకన్లు నొక్కిపట్టాలి. సిమెంటు ఎక్కువైతే అతుకు ముడుచుకుని గేటులో ఎగురుతుంది. తక్కువైతే ఆర్కు వేడికి విడిపోతుంది. సౌండు గీత మీద అతుకు వస్తే స్పీకరులో ‘టప్’ మంటుంది. శ్రద్ధ ఉన్న ఆపరేటరు అక్కడ నల్లసిరాతో చిన్న త్రికోణం దిద్దేవాడు, ఆ చప్పుడు మెత్తబడేది. చుట్టేటప్పుడు ఒక చేత్తో రివైండరు తిప్పుతూ, రెండో చేత్తో మెత్తటి గుడ్డలోంచి ఫిల్ము అంచుని తడుముతూ ఉండాలి. చిరుగు వేలికి తగులుతుంది. రాత్రి ఆటకి ముందు మధ్యాహ్నమంతా ఈ తడమడంలో గడిచేది. తడమని రోజున తెర మీద తెగేది.

తెగకుండా ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. ఫిల్ము ఆగినప్పుడు వెలుగుని మూసే రేకు వెంటనే పడాలి. పడకపోతే ఆ ఒక్క ఫ్రేము ఆర్కు వేడికి కరిగి, తెర మీద బొమ్మ మధ్యలో గోధుమరంగు మచ్చ పుట్టి, అంచులదాకా పాకి, తెల్లబడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాతాళ భైరవి మాయల సినిమా. మనుషులు ఉన్నట్టుండి మాయమవుతారు, ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతారు. అతుకుల ప్రింటులో అందరూ అలాగే చేస్తారు. సింహాసనం మీదున్న సి.ఎస్.ఆర్. రాజుగారు మరుక్షణం గుమ్మం దగ్గర ఉంటాడు. వాకిట్లో ఉన్న తల్లి, సురభి కమలాబాయి, రెప్పపాటులో ఇంట్లో ఉంటుంది. ఏది మాంత్రికుడి మాయో, ఏది ఆపరేటరు అతుకో నేల మీద కూర్చున్న పిల్లలకి తెలిసే దారి లేదు. అందుకే ఆ వయసులో చూసిన ఉజ్జయిని ఊరంతా మాయల ఊరు. ఎవరు ఎప్పుడైనా ఎక్కడైనా తేలవచ్చు. ఈసారి పూర్తి కాపీ చూస్తే రాజుగారు సింహాసనం దిగి, నడిచి, గుమ్మం దాకా వెళ్ళాడు.

బల్బు సినిమా

కత్తిరించిన ముక్కలు ఎక్కడికి పోయేవి? పిల్లల జేబుల్లోకి. క్యాబిన్ కింద వెతికితే మూడు ఫ్రేములు, అయిదు ఫ్రేములు దొరికేవి. ఎన్.టి.రామారావు కత్తి పట్టుకున్న ముక్కకి రాజకుమారి మాలతి ఉన్న ముక్కలు రెండు ఇవ్వాలి. మాంత్రికుడి ముక్కకి ధర లేదు, ఎవరూ మార్చుకునేవారు కాదు.

వాటితో ఇంట్లో సినిమా వేసే పద్ధతి ఊరూరా ఒకటే. మాడిపోయిన బల్బు తీసుకుని, అడుగున ఉన్న నల్లటి లక్కని మేకుతో కొట్టి రాల్చాలి. లోపలి గాజు కాడని జాగ్రత్తగా విరిచి బయటికి లాగాలి. బల్బు పగిలేది ఇక్కడే, చేతికి గుడ్డ చుట్టుకోకపోతే తెగేదీ ఇక్కడే. తర్వాత నిండా నీళ్ళు పోయాలి. బుడగ మిగలకూడదు, మిగిలితే తెర మీద గుండ్రటి నీడ పడుతుంది. గది తలుపులు మూసి, తలుపు సందులో అట్టముక్క పెట్టి, దానికి ఫ్రేమంత కన్నం చేయాలి. బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండని ఆ కన్నంలోకి కొట్టాలి. కన్నానికి ఫిల్ముని తలకిందులుగా అంటించి, రెండు మూడు వేళ్ళ ఎడంగా బల్బు పట్టుకుంటే ఎదుటి గోడ మీద కట్టిన తెల్లపంచె మీద బొమ్మ నిటారుగా నిలబడుతుంది. బల్బు కొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుతూ ఫోకసు పట్టాలి. సూర్యుడు జరుగుతుంటాడు కాబట్టి అద్దం పట్టుకున్నవాడు క్షణం ఏమరకూడదు. అంచులు మసకగానే ఉంటాయి, గుండ్రటి గాజు అంతకంటే ఇవ్వలేదు. మధ్యలో మాత్రం ముఖం స్పష్టంగా పడుతుంది.

ఆ ముఖం ఎస్.వి.ఆర్.ది అయినప్పుడు గదిలో మాటలుండేవి కావు.

ఇప్పుడు చూస్తే

ముందుగా తెలిసేది వయసు. నేపాళ మాంత్రికుడు మా దృష్టిలో ముసలివాడు, హీరో తోట రాముడి తాతంత వాడు. 1918లో పుట్టిన రంగారావుకి ఈ సినిమా విడుదలయ్యేనాటికి ముప్పై రెండేళ్ళు. 1923లో పుట్టిన రామారావుకి ఇరవై ఏడు. హీరోకీ మాంత్రికుడికీ మధ్య అయిదేళ్ళు కూడా లేవు. ఆ గడ్డం తీసేస్తే కుర్రవాడే. కానీ ఆ ముసలితనం గడ్డంతో వచ్చింది కాదని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఆయన తీసుకునే వ్యవధిలో ఉంది. తొందర అనేది లేని మనిషి. ఎవరి మీదా గొంతు పెంచాల్సిన అవసరం లేనివాడు. ‘సాహసం శాయరా డింభకా’ అని ఊళ్ళో పిల్లలంతా అరిచేవారు. ఆయన మాత్రం దాన్ని ఎరవేసే గొంతుతో అంటాడు. ‘చేయరా’ని ‘శాయరా’ చేసి, ‘డింభకా’ని చివర్న అలా వదిలిపెట్టడం పింగళి రాతకి ఆయన కట్టిన నడక. రెండూ విడదీయలేం. పాకలో కొమ్ము స్పీకరు కీచు మధ్య ఈ తేడా వినబడదు, ఇంట్లో వినబడింది.

రెండోది నలుపు. గుహలో పాతాళ భైరవి విగ్రహం ముందు జరిగే భాగం మాకు అప్పుడు దాదాపు చీకటి. ముఖాలూ, మంటా, కత్తీ తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు చూస్తే ఆ చీకటిలో గోడలున్నాయి, రాళ్ళున్నాయి, విగ్రహం పొడవునా వెలుగు మెట్లుమెట్లుగా దిగుతోంది. బార్‌ట్లే నలుపు తెలుపుల మధ్య ఎన్ని బూడిద ఛాయలు పెట్టాడో లెక్కపెట్టలేం. ఆ ఛాయలు తెర మీద పడాలంటే వెలుగు తెల్లగా ఉండాలి, హాలు చీకటిగా ఉండాలి. పాకలో తడికల సందుల్లోంచి వెన్నెల పడేది, సోడాబండి లాంతరు వెలుగు పడేది, పైగా ఆర్కు పసుపు. ముదురు ఛాయలన్నీ కలిసి నల్లటి ముద్ద అయిపోయేవి. ‘కలవరమాయే’ పాటలో వెన్నెల కూడా అంతే. మంచి వెలుగులోనే అది వెన్నెలగా కనబడుతుంది, పసుపెక్కిన ఆర్కులో సాయంత్రపు ఎండ అయిపోతుంది. అయినా ఒకమాట ఒప్పుకోవాలి. భయం విషయంలో ఆ నల్లముద్దే నెగ్గింది. ఏముందో కనబడని గుహ పిల్లలకి ఎక్కువ పెద్దది.

మూడోది ట్రిక్కులు. మనిషిని మాయం చేయడానికి ఆ రోజుల్లో వాడిన తేలికైన పద్ధతి, కెమెరా ఆపి మళ్ళీ తిప్పడం. కెమెరాని కదలకుండా బిగించాలి. ఫ్రేములో ఉన్న అందరూ ఎలా ఉన్నవాళ్ళు అలా శిల అయిపోవాలి. కెమెరా ఆపుతారు, మాయం కావాల్సిన మనిషి పక్కకి తప్పుకుంటాడు, మళ్ళీ తిప్పుతారు. మోటారు ఆగేటప్పుడూ, అందుకునేటప్పుడూ వేగం తక్కువ కాబట్టి ఆ కొద్ది ఫ్రేముల మీద వెలుగు ఎక్కువసేపు పడి తెల్లగా పేలిపోతాయి. ఎడిటింగ్‌లో వాటిని తీసేసి అతకాలి. పక్కనున్నవాడి ఉత్తరీయం కొస కదిలినా, నీడ జరిగినా మోసం బయటపడుతుంది. ఆరుబయట ఎండలో మబ్బు పడితే చాలు చెడిపోతుంది, అందుకే ఇలాంటివి స్టూడియో ఫ్లోరు మీదే తీయడం మేలు. నీడలా కరిగిపోయే రకానికి ఇంకా శ్రమ. కెమెరాలోనే చేయాలంటే మొదటి బొమ్మని క్రమంగా చీకటి చేసి, అదే ఫిల్ముని లెక్క ప్రకారం వెనక్కి తిప్పి, రెండో బొమ్మని క్రమంగా వెలిగిస్తూ దాని మీదే తీయాలి. లెక్క తప్పితే రెండు బొమ్మలూ పోతాయి.

ఇవన్నీ తెలిసిన కళ్ళతో చూస్తే సినిమా చిన్నబోతుందేమో అనుకున్నాను. చిన్నబోలేదు. ఎందుకంటే కె.వి.రెడ్డి ఆ ట్రిక్కు మీద ఆధారపడలేదు. ట్రిక్కు వచ్చేలోపు మనల్ని నిలబెట్టే తీరు మీద ఆధారపడ్డాడు. మాంత్రికుడికి బలి ఇవ్వడానికి సాహసవంతుడు కావాలి, రాముడికి రాజకుమారి కోసం ధనం కావాలి. ఒకడి అవసరం ఇంకొకడి అవసరంలోకి తాళంచెవిలా దూరుతుంది. చంపబోయేవాడి సంగతి చావబోయేవాడికి తెలియదు, మనకి తెలుసు. మొసలి రూపం వదిలిన కన్య వచ్చి అసలు గుట్టు చెప్పాక, ఆ తెలివిడి రాముడి వైపు మారుతుంది, మాంత్రికుడికి తెలియదు. ఇద్దరూ విగ్రహం ముందు నిలబడేసరికి తెర మీద ఏ మాయా జరగకుండానే నేలంతా ఊపిరి బిగబట్టేది. గిరిజ పాతాళ భైరవిగా ప్రత్యక్షమై కోరిక అడిగే క్షణం ఆ తర్వాతదే. దాన్ని ఎంత తేలిక పద్ధతిలో తీసినా చెల్లిపోతుంది.

కె.వి.రెడ్డి దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. షూటింగుకి ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సీను ఎన్ని నిమిషాలో, ఎన్ని అడుగులో లెక్కకట్టేవాడని. ఫిల్ముని అడుగుల్లో కొలిచే క్యాబిన్ మనుషులకి ఆ లెక్క విలువ బాగా తెలుస్తుంది. ఇంత పొడుగు సినిమాలో ఎక్కడో కోసేద్దామని చూసే హాలువాళ్ళు ప్రతిచోటా ఉండేవారు. మొదటాట ఆలస్యమైతే రెండో ఆటకి ఒక పాట ఎగిరిపోయేది. ఎక్కువగా వేటు పడేది రేలంగి మీద, నృత్యాల మీద. ఇప్పుడు పూర్తిగా చూస్తే అవి తీసేయదగ్గవి కావని నా అభిప్రాయం. రాణిగారి తమ్ముడు శూరసేనుడిగా రేలంగి చేసేదంతా హాస్యమే అయినా, తర్వాత మాంత్రికుడి మాట విని, కోరికలు తీర్చే భైరవి ప్రతిమని దాటించేది అతనే. రాజకుమారి మీద అతని వెర్రిప్రేమ ముందు చూడకపోతే ఆ పని నమ్మలేం. పాకలో శూరసేనుడి పాట ఎగిరిపోయిన రోజున, ఈ మనిషి ఎందుకు ద్రోహం చేశాడో పిల్లలకి అర్థమయ్యేది కాదు. సావిత్రి ఒక నృత్యంలో కనిపిస్తుంది, ఇంకా పెద్ద వేషాలు రాకముందు. ఆ భాగం ప్రింటులో లేక ఆమె ఈ సినిమాలో ఉందన్న సంగతే చాలామందికి తెలియలేదు.

చిన్నప్పుడు పట్టించుకోని ఇంకో మనిషి రాముడి స్నేహితుడు అంజి. ఆ వేషం హాస్యనటుడు బాలకృష్ణది. ఆ తర్వాత జీవితమంతా ‘అంజిగాడు’గానే పిలిపించుకున్నాడు. రెండో సగం అంతా అతని మీద నడుస్తుంది. రాజకుమారినీ మేడనీ మాంత్రికుడు ఎత్తుకుపోయాక, ఎగిరే పాదుకలూ కనబడనివ్వని శాలువా దొరికినా, వాటితో పని తీరదు. గెలిపించేది కత్తి కూడా కాదు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి రూపంలో వెళ్ళిన అంజి, గురువుగారి చేత శక్తి అంతా దాగిన ఆ గడ్డం తీయించడం. ఎవరి శక్తి ఎక్కడుందో కనిపెట్టి, అతని ఆశనే అతని మీదికి తిప్పడం. మొదటి సగంలో మాంత్రికుడు రాముడికి చేసిందే ఇది. పద్మనాభం వేసిన సదాజపుడు గురువుని సంజీవనితో బతికించిన భక్తుడు, కాబట్టే ఆ రూపాన్ని మాంత్రికుడు అనుమానించడు. ఇంత కట్టుదిట్టంగా అల్లిన కథని మేము తొమ్మిది ముక్కల్లో, మధ్య మధ్య వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశాం. అయినా తెగలేదంటే అల్లిక గట్టిది.

చూడబోయేవారికి

ఇప్పుడు దొరికే కాపీలు కూడా ఏదో ఒక ప్రింటు నుంచి వచ్చినవే. కళ్ళు పెట్టి చూస్తే ఆనవాళ్ళు దొరుకుతాయి. తెర కుడివైపు పై మూల ఒక్క క్షణం చిన్న చుక్క మెరిస్తే అది రెండు ప్రొజెక్టర్ల హాళ్ళ కోసం పెట్టిన గుర్తు. మొదటి చుక్క రీలు అయిపోవడానికి ఎనిమిది సెకన్ల ముందు, రెండో ప్రొజెక్టరు మోటారు వేయమని. రెండోది సెకను లోపు, బొమ్మ మార్చమని. చుక్క ఉన్నచోటికి అటూ ఇటూ గీతలు ఎక్కువుంటే, మాట మధ్యలో తెగితే, అక్కడ అడుగులు పోయాయని అర్థం. నిలువు గీతల్లో నల్లవి ఫిల్ము వీపు మీద పడ్డవి, తెల్లవి ఎమల్షన్ లేచిపోయినచోట పడ్డవి. ‘వాన పడుతోంది’ అనేవాళ్ళం వాటిని. నల్లవాటిని ఇప్పుడు కొంతవరకు తుడవగలరు. తెల్లగీత ఉన్నచోట బొమ్మే లేదు కాబట్టి పక్క ఫ్రేము నుంచి తెచ్చి పూడ్చాలి.

పిల్లలతో చూసేటప్పుడు రెండు రాత్రులుగా చూడటం మంచిది. ఆపడానికి సరైన చోటు రాముడు మాంత్రికుణ్ణి బలిచ్చి ప్రతిమని చేతపట్టుకున్న తర్వాత. గది చీకటి చేయండి, టీవీలో వెలుగుని పెంచే అమరిక తీసేయండి, లేకపోతే బార్‌ట్లే ఛాయలు కొట్టుకుపోతాయి. బొమ్మని పక్కలకి సాగదీసి తెరంతా నింపే అమరిక ఉంటే అదీ ఆపాలి. ఆ కాలపు బొమ్మ దాదాపు నాలుగుకి మూడు పాళ్ళది. సాగదీస్తే రామారావు పొట్టివాడవుతాడు.

ఇంకొక్క విషయం. హాళ్ళ దగ్గర అణాకి అమ్మిన పాటల పుస్తకాలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. పల్చటి కాగితం, లోపల కథాసంగ్రహం, తర్వాత పాటలు. అలాంటి పుస్తకం ఏ పాత సినిమాది దొరికినా, అందులోని చరణాలని ఇప్పుడు వినబడే పాటతో వరసగా పోల్చి చూడండి. పుస్తకంలో ఉండి తెర మీద లేని చరణం దొరికితే ఫోటో తీసి పెట్టండి. కాగితం మడతల దగ్గర విరిగిపోతుంది, మడత విప్పేముందు ఫోటో తీయడం నయం.